రావుగారికి నిజంగా కోపం వచ్చిందా?

ప్రశ్న: మాది నెల్లూరు. చాలా ఏళ్లుగా చెన్నై వేళచేరిలో ఉంటున్నాం. ఇంట్లో నేను, మావారు, ఎనిమిదో తరగతి చదివే పాప, అత్తయ్య, ఒక పిల్లి. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపానుకు మా అపార్ట్‌మెంట్ పార్కింగ్ మునిగినప్పుడు ఒక స్కూటర్ సీటు మీద వణుకుతూ దొరికింది. నారింజ రంగు మగపిల్లి. అప్పటికి మావయ్యగారు పోయి నెల కూడా కాలేదు. ఆయనే ఈ రూపంలో వచ్చారని అత్తయ్య నమ్మకం. మావయ్యగారు రెవెన్యూ శాఖలో చేసి రిటైరయ్యారు. ఆ నడక, ఆ కూర్చోవడం, ఎవరొచ్చినా కళ్లు సగం మూసి చూడటం అన్నీ ఆయనవేనంటారు అత్తయ్య. అలా 'రావుగారు' అనే పేరు స్థిరపడింది. మేమంతా 'మీరు' అనే పిలుస్తాం. తెల్లవారుజామున అత్తయ్య చెవి దగ్గర గుర్రుమని లేపుతారు. అది ఆయన సుప్రభాతమట. శనివారం అత్తయ్యతోపాటు రావుగారికీ ఒక్కపొద్దు, పెరుగన్నం. పాప 'రావుగారి డైరీ' అని ఒక నోటుపుస్తకమే రాస్తోంది.

మొన్న ఒక పెళ్లికని నెల్లూరు వెళ్లి ఐదు రోజులు ఉండిపోయాం. పక్కింటి మామి తాళం తీసుకుని రోజూ తిండి పెట్టారు. తిరిగొచ్చిన రాత్రే రావుగారు అత్తయ్య పరుపు మీద మూత్రం పోశారు. తర్వాత తెరిచి ఉంచిన సూట్‌కేసులో పట్టుచీర మీద. ఇప్పటికి నాలుగుసార్లయింది. కేకలేస్తే చెవులు వెనక్కి పెట్టి మంచం కిందికి దూరతారు, తప్పు తెలిసినట్టే. 'నన్నొదిలి పెళ్లికి పోయావా అని ఆయనకు కోపం' అంటూ అత్తయ్య కుమిలిపోతున్నారు. మావారేమో 'పిల్లికి బుర్రెక్కడిది, దానికి తెలిసింది తిండొక్కటే, ఎక్కడైనా వదిలేద్దాం' అంటున్నారు. తోడుంటుందని పాప రెండో పిల్లిని తెమ్మంటోంది. పిల్లి పగబడుతుందా? దానికి మనలా మనసుంటుందా, లేక మేమే లేనిది ఊహించుకుంటున్నామా?

ఒక కోడలు, వేళచేరి

సమాధానం: మీరు అడిగినవాటికంటే ముందు, అడగనిదొకటి. రావుగారిని డాక్టరుకు చూపించారా? మీ ఉత్తరంలో ఆ మాట ఎక్కడా లేదు. ఇంట్లో మనిషి నాలుగుసార్లు పక్క తడిపితే షుగరేమో, ఇన్ఫెక్షనేమో అని ముందు పరీక్ష చేయిస్తాం. పగబట్టాడని ఎవరూ అనుకోం. పిల్లి దగ్గరికి వచ్చేసరికి మాత్రం కథ ముందు పుడుతుంది, పరీక్ష ఎవరికీ గుర్తుకు రాదు.

మగపిల్లికి మూత్రనాళం చాలా సన్నగా ఉంటుంది. అందులో ఇసుకలాంటి రాళ్లో, జిగురుముద్దో అడ్డం పడితే మూత్రం పూర్తిగా ఆగిపోతుంది. అలా ఆగితే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికొస్తుంది. కాబట్టి ఒక్క విషయం ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. మూత్రానికి పెట్టిన ఇసుక ట్రేలోకి పదేపదే వెళ్లి కూర్చుంటున్నా, ముక్కుతున్నా, చుక్కలు చుక్కలుగా పడుతున్నా, అరుస్తున్నా, వెనకభాగం అదేపనిగా నాక్కుంటున్నా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పరుపు తడిసేంతగా పోస్తున్నారంటే రావుగారికి ఇంకా అంత దాకా రాలేదనే అనుకుందాం. అయినా రేపో ఎల్లుండో మూత్రపరీక్ష చేయించండి. దగ్గర్లో పిల్లుల్ని బాగా చూసే డాక్టరు ఎవరూ తెలియకపోతే వేపేరిలో మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది. ఆ కాలేజీ 1903 నాటిది. వేళచేరి నుంచి దూరమే. మూత ఉన్న బుట్టలో, అత్తయ్యగారి పాత చీర ముక్క ఒకటి వేసి తీసుకెళ్లండి. ఆటోలో ఒళ్లో కూర్చోబెట్టుకుని వెళ్లే సాహసం మాత్రం వద్దు.

ఇక పగ సంగతి. పగ తీర్చుకోవాలంటే ఒక బుర్రలో ఎన్ని జరగాలో లెక్కేయండి. జరిగింది తనకు అన్యాయమని అనుకోవాలి. ఎవరు చేశారో గుర్తుంచుకోవాలి. వాళ్లు వచ్చేదాకా కాచుకుని ఉండాలి. ఇవన్నీ ఉన్నాయనే అనుకుందాం, చివరిదొకటి ఉంది: ఈ పని చేస్తే వాళ్లకు అసహ్యం కలుగుతుందని తెలియాలి. కథ ఇక్కడ తెగిపోతుంది. మూత్రం మురికి అనేది మన లెక్క. పిల్లికి అది తన పేరు, ఊరు, వయసు, ఒంటి సంగతి అన్నీ రాసి ఉన్న విజిటింగ్ కార్డు. దాన్ని పరుపు మీద పెట్టి ఎవరినో అవమానించాననే ఆలోచన దానికి వచ్చే దారే లేదు.

మరి పరుపే ఎందుకు, చీరే ఎందుకు? పిల్లి ఇంటిని కళ్లతో కంటే ముక్కుతో ఎక్కువ గుర్తుపడుతుంది. తలుపు అంచుకు, కుర్చీ కాలికి, మీ కాళ్లకు బుగ్గలు రాస్తూ తిరగడం అందుకే. రాసిన చోటల్లా దాని వాసన అంటుకుని, ఇది నా ఇల్లు అనే ధీమా ఉంటుంది. ఐదు రోజులు మీ వాసనలు పలచబడ్డాయి. ఆ తర్వాత మీరు తెచ్చిన సూట్‌కేసుల్లో పెళ్లిమండపం, సెంటు, మల్లెలు, ఎవరెవరి ఇళ్ల వాసనలో వచ్చాయి. కంగారుపడిన పిల్లి తనకు బాగా తెలిసిన మనిషి వాసన ఎక్కడ గట్టిగా ఉంటే అక్కడ తన వాసన కలుపుకుంటుందని పిల్లుల ప్రవర్తన చూసే డాక్టర్లు చెబుతారు. పరుపు, విడిచిన బట్టలు అలాంటి చోట్లు. అదే నిజమైతే అత్తయ్యగారి పరుపును ఎంచుకున్నది ఆవిడ మీద కోపంతో కాదు, ఆవిడ వాసన దగ్గర ధైర్యం ఉంది కాబట్టి.

ఇంకా మామూలు కారణాలూ ఉన్నాయి. మామి తిండి పెట్టారు, సరే, ట్రే ఎవరు శుభ్రం చేశారు? ఆవిడను తప్పుపట్టడం లేదు. తిండి పెట్టమని అడిగారు, పెట్టారు. కానీ ఐదు రోజులు ఎత్తని ట్రేలో అడుగు పెట్టడానికి మనకే మనసొప్పదు. పెళ్లి హడావుడిలో ట్రేని బాల్కనీలోకో, వాషింగ్ మెషీన్ పక్కకో జరిపారా? ఇసుక మార్చారా? ఘాటైన సెంటు ఉన్న ఇసుక కొన్నారా? మరొకటి గమనించండి: రావుగారు నిలబడి, తోక ఎత్తి, గోడకో తలుపుకో చిమ్ముతున్నారా, లేక కూర్చుని పరుపు మీద పోస్తున్నారా? మొదటిది హద్దు గీసుకోవడం, రెండోది మామూలుగా పోసుకోవడమే, కాకపోతే తప్పు చోట. డాక్టరు ఈ తేడా తప్పకుండా అడుగుతారు.

అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీవాళ్లు 2011లో ప్రచురించిన ఒక పరిశీలన మీ ఇంటి కథకు బాగా దగ్గరగా ఉంది. 32 పిల్లుల్ని చాలాకాలం గమనించారు. కొన్నిటికి ముందునుంచీ మూత్రాశయం వాపు జబ్బు ఉంది, మిగతావి ఆరోగ్యంగా ఉన్నవి. రోజూ చూసుకునే మనిషి మారినా, తిండి వేళ తప్పినా రెండు రకాల పిల్లులూ ఒకేలా తేడా పడ్డాయి. కొన్ని తిండి తగ్గించాయి, కొన్ని వాంతి చేసుకున్నాయి, కొన్ని ట్రే బయట పోశాయి. ఏ జబ్బూ లేని పిల్లి కూడా దినచర్య మారితే జబ్బుపడినట్టు చేస్తుందన్నమాట. పిల్లుల మూత్ర సమస్యల్లో సగానికి పైగా ఇలా ఇన్ఫెక్షనూ రాయీ లేకుండా, టెన్షన్‌తో ముడిపడి వచ్చే వాపే. కాబట్టి 'మేం వెళ్లడం వల్ల ఆయనకు ఏదో అయింది' అని అత్తయ్యగారు అనుకోవడంలో నిజం ఉంది. కోపం అన్న మాట ఒక్కటే తప్పు.

చెవులు వెనక్కి పెట్టి మంచం కింద దూరడాన్ని మీరు తప్పు ఒప్పుకోవడం అనుకుంటున్నారు. అది భయం. 2009లో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే పరిశోధకురాలు కుక్కల మీద ఒక ప్రయోగం చేశారు. తప్పు చేసినట్టు చూసే చూపు, కుక్క నిజంగా తప్పు చేసిందా లేదా అన్నదాన్ని బట్టి రాలేదు. యజమాని తిట్టాడా లేదా అన్నదాన్ని బట్టి వచ్చింది. ఏ తప్పూ చేయని కుక్కను తిట్టినా అదే మొహం పెట్టింది. రావుగారి విషయంలోనూ అంతకంటే ఎక్కువ చదవడానికి నాకు కారణం కనిపించదు. కేకలు మానేయండి. తిట్టిన ప్రతిసారీ టెన్షన్ పెరుగుతుంది, టెన్షన్ పెరిగితే పరుపు మళ్లీ తడుస్తుంది.

శుభ్రం చేయడం గురించి ఒక హెచ్చరిక. ఇలాంటప్పుడు మన ఇళ్లలో చెయ్యి నేరుగా ఫినాయిల్ సీసా మీదికి పోతుంది. ఫినాయిల్ రకం మందులు పిల్లికి విషం. వాటిని విరిచి బయటికి పంపే శక్తి దాని లివరుకు తక్కువ. తడినేల మీద నడిచి పాదాలు నాక్కున్నా లోపలికి పోతుంది. అమ్మోనియా ఉన్న క్లీనర్లు ఇంకో రకంగా చెరుపు, వాటి వాసన పిల్లికి మూత్రంలాగే ఉంటుంది. పెట్ షాపుల్లో ఎంజైమ్ క్లీనర్ అని అడగండి. ట్రేలు ఒకటి కాదు, రెండు పెట్టండి, వేర్వేరు చోట్ల, జనం తొక్కని మూలల్లో. పొద్దునా సాయంత్రం ఎత్తేయండి. కొన్నాళ్లు పగలు అత్తయ్యగారి గది తలుపు వేసి ఉంచండి. ఈ విషయం మీద ఇంతకంటే చెప్పడానికి లేదు.

ఇప్పుడు మీవారి దగ్గరికి వద్దాం. 'పిల్లికి బుర్రెక్కడిది' అన్నది కొత్త మాటేం కాదు. 1898లో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే అమెరికన్, తెలివైన పిల్లుల కథలు విని విసిగిపోయి, ఆకలిగా ఉన్న పిల్లుల్ని చెక్క పెట్టెల్లో పెట్టి అవి గడి తీసుకుని బయటికి రావడానికి ఎంతసేపు పడుతుందో లెక్కగట్టాడు. మొదట ఎలాపడితే అలా గీరి, కరిచి, అనుకోకుండా తీశాయి. తర్వాత తర్వాత మెల్లగా సమయం తగ్గింది. 'ఆహా' అని తట్టినట్టు ఒక్కసారిగా నేర్చుకున్నది కనిపించలేదు. ఆయన ఇంకో మాట కూడా అన్నాడు: కుక్క వందలసార్లు దారి తప్పితే ఎవరూ పట్టించుకోరు, ఒక్కటి ఎక్కడినుంచో ఇల్లు వెతుక్కుంటూ వస్తే ఊరంతా చెప్పుకుంటారు. ఈ మాట మీ ఇంటికీ వర్తిస్తుంది. రావుగారు మావయ్యగారిలా ఠీవిగా కూర్చున్నప్పుడు అందరూ చూస్తారు. చీపురుపుల్ల వెంట పల్టీలు కొడుతున్నప్పుడు రెవెన్యూ శాఖ ఎవరికీ గుర్తుకు రాదు.

కానీ థార్న్‌డైక్ పెట్టెతో సంగతి అయిపోలేదు. పెట్టెలో ఆకలితో ఉన్న పిల్లి చేసేదాన్ని చూసి ఇంట్లో ఉన్న పిల్లి గురించి తీర్పు చెప్పలేమని తర్వాతివాళ్లు గ్రహించారు. ముఖ్యంగా జపాన్‌లో ఈ మధ్య మంచి పని జరిగింది. అత్సుకో సైతో అనే పరిశోధకురాలు 2013లో, ఇంటిమనిషి గొంతునూ కొత్తవాళ్ల గొంతునూ పిల్లులు వేరు చేసి గుర్తిస్తాయని చూపించారు. గుర్తుపట్టి చెవి తిప్పాయి, తల తిప్పాయి. లేచి రావడం మాత్రం చాలావరకు చేయలేదు. పిల్లులున్నవాళ్లెవరికీ ఇందులో ఆశ్చర్యం లేదు. 2019లో ఆవిడే, పిల్లులు తమ పేరును అలాంటి ఇతర మాటల నుంచి వేరు చేయగలవని తేల్చారు. అంటే 'రావుగారూ' అన్న పిలుపు మీ పిల్లికి తెలుసు. అందులో ఉన్న గౌరవం తెలియకపోవచ్చు.

2021లో క్యోటో యూనివర్సిటీవాళ్లు ఇంకో తమాషా ప్రయోగం చేశారు. పిల్లి ఒక గదిలో ఉండగా యజమాని గొంతు ఒక స్పీకరు నుంచి వినిపించింది. క్షణాల్లో అదే గొంతు దూరంగా ఉన్న ఇంకో స్పీకరు నుంచి వినిపించింది, మనిషి మాయమై అక్కడ తేలినట్టు. పిల్లులు విస్తుపోయాయి. కంటికి కనబడని మనిషి ఇప్పుడు ఇంట్లో ఎక్కడ ఉన్నారో అవి లోపల ఒక లెక్క పెట్టుకుంటున్నాయన్నమాట. మీ అత్తయ్యగారు వంటింట్లో గిన్నె కడుగుతుంటే హాల్లో కళ్లు మూసుకుని పడుకున్న రావుగారికి ఆవిడెక్కడున్నదీ తెలుసు. ఐదు రోజులు ఆ లెక్కలో ఎవరూ లేరు.

తిండి తప్ప ఏమీ తెలియదన్న మాటకు కూడా జవాబుంది. క్రిస్టిన్ విటాలే అనే ఆవిడ అమెరికాలోని ఒరెగాన్‌లో 2017లో పిల్లుల ముందు తిండి, బొమ్మ, వాసన, మనిషి తోడు పెట్టి ఏది కావాలో ఎంచుకోనిచ్చారు. సగం పిల్లులు మనిషినే ఎంచుకున్నాయి. తిండికి రెండో స్థానం. 2019లో, కాసేపు ఒంటరిగా వదిలి మళ్లీ మనిషిని గదిలోకి పంపితే పిల్లులు ఎలా ఉంటాయో చూశారు. సుమారు మూడింట రెండు వంతులు, తల్లి తిరిగొచ్చిన పసిపిల్లల్లాగే, ఆ మనిషిని చూసి కుదుటపడి మళ్లీ ఆటలో పడ్డాయి. స్వీడన్‌లో చేసిన ఇంకో పరిశీలనలో, అరగంట తర్వాత కలిసినప్పటికంటే నాలుగు గంటల తర్వాత కలిసినప్పుడు పిల్లులు ఎక్కువ గుర్రుమన్నాయి, ఎక్కువ ఒళ్లు విరుచుకున్నాయి. మీవారికి ఇవి చదివి వినిపించండి. ఒప్పుకుంటారని హామీ ఇవ్వలేను.

కాబట్టి మనసుందా అంటే, ఉంది. భయం ఉంది, బెంగ ఉంది, మనుషుల్లో తేడా తెలుసు, ఇష్టాయిష్టాలున్నాయి. స్వభావం కూడా పిల్లికీ పిల్లికీ నిజంగానే వేరు. 2017లో ఆస్ట్రేలియావాళ్లు 2,800 పైచిలుకు పిల్లుల గురించి యజమానుల్ని అడిగి ఐదు గుణాలు పట్టుకున్నారు: బెదురు, చొరవ, పెత్తనం, దుడుకుతనం, స్నేహం. ఈ గుణాల్లో కొంత తండ్రిపిల్లి నుంచి వస్తుందని చాలాకాలంగా తెలుసు. ఆ తండ్రి కూనను పెంచకపోయినా, ఎప్పుడూ చూడకపోయినా సరే. ఇంకొంత, పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం మధ్యలో మనుషుల చేతులు ఎంత తగిలాయన్నదాన్ని బట్టి వస్తుంది. మీ రావుగారి ఠీవి వెనక తుపానుకు ముందు ఎక్కడో గడిచిన ఆ తొలి వారాలున్నాయి. రంగుకు మాత్రం ఇందులో ఎంత వాటా ఉందో చెప్పలేం. 2012లో అమెరికాలో అడిగి చూస్తే జనం నారింజ పిల్లులు స్నేహంగా ఉంటాయని, తెల్లవి అంటీముట్టనట్టు ఉంటాయని చెప్పారు. అది జనం అభిప్రాయాల సర్వే, పిల్లులకు పెట్టిన పరీక్ష కాదు.

లేనిది ఊహించుకోవడంలో మీరు ఒంటరివాళ్లు కూడా కాదు. మీరున్న ఊరి చుట్టుపక్కలే చూడండి. మహాబలిపురంలో ఆ పెద్ద శిల్పఫలకం దగ్గర ఏనుగుల ముందు ఒక పిల్లి రెండు చేతులూ పైకెత్తి తపస్సు చేస్తూ ఉంటుంది, చుట్టూ ఎలుకలు. పల్లవుల కాలం, ఏడో శతాబ్దం. అది దొంగ తపస్సు. భారతం ఉద్యోగపర్వంలో దుర్యోధనుడు శకుని కొడుకు ఉలూకుడి చేత ధర్మరాజుకు చెప్పించి ఎత్తిపొడిచిన కథ సరిగ్గా అలాంటి పిల్లిదే. అటు తిరువల్లిక్కేణి పార్థసారథి గుడికి వెళ్లండి, అది శ్రీవైష్ణవుల్లో తెంగలై అనే శాఖ సంప్రదాయం. వాళ్లు భక్తుడికి చూపే ఆదర్శం మార్జాల కిశోర న్యాయం: తల్లిపిల్లి నోట కరిచిపట్టి తీసుకెళ్తుంటే కూన ఒళ్లంతా వదిలేసి వేలాడుతుంది, దేవుడికి అలా వదిలేయమంటారు. ఒకచోట కపటి, ఇంకోచోట భగవంతుడి కరుణ. మన సామెతలో అయితే కళ్లు మూసుకుని పాలు తాగే దొంగ. నిజానికి ముక్కు కింద ఉన్నది పిల్లి కంటికి మసకే, దగ్గరి వస్తువు మీద దాని చూపు నిలవదు. మీసాలు, వాసనతో పని నడుపుతుంది. కళ్లు తెరిచినా మూసినా గిన్నె దగ్గర పెద్ద తేడా లేదు. పాపం, ఆ సామెత మాత్రం పోదు.

అత్తయ్యగారి నమ్మకం మీద నాకు వాదన లేదు. పోయిన మనిషిని ఇంట్లో ఏదో ఒక రూపంలో చూసుకోవడం ఎవరికీ చెరుపు కాదు. కానీ ఆ నమ్మకం ఇప్పుడు ఆవిడనే గుచ్చుతోంది, అక్కడ మీరు కల్పించుకోవాలి. ఒక మంచి వార్త ఉంది, అది ముందు చెప్పండి. ఎవరొచ్చినా కళ్లు సగం మూసి చూస్తారన్నారే, దాన్ని మీరు ఆఫీసరు దర్పం అనుకుంటున్నారు. 2020లో ఇంగ్లండ్‌లో దీని మీదే ప్రయోగం చేశారు. మనిషి పిల్లి వైపు చూస్తూ నెమ్మదిగా కళ్లు సగం మూసి తెరిస్తే, పిల్లులు తిరిగి అలాగే చేశాయి, అలా చేసిన కొత్తమనిషి దగ్గరికి ఎక్కువగా వచ్చాయి. అది నిశ్చింతగా ఉన్న పిల్లి చూపు. అత్తయ్యగారిని రోజూ సాయంత్రం రావుగారికి ఎదురుగా కాస్త దూరంలో కూర్చుని మెల్లగా కళ్లు మూసి తెరవమనండి. ఆయన తిరిగి మూస్తే, ఆవిడ మీద కోపం లేదని మీరెవరూ చెప్పక్కర్లేదు.

ఇంకొకటి కాస్త మొహమాటంగానే చెబుతున్నాను. డెబోరా టానెన్ అనే భాషాశాస్త్రవేత్త 2004లో, ఇళ్లలో రికార్డు చేసిన మాటలు విని రాశారు: కుటుంబాల్లో మనుషులు పెంపుడు జంతువు నోట మాట పెట్టి ఒకరికొకరు చెప్పలేనివి చెప్పుకుంటారని. మీ ఉత్తరం మళ్లీ చదువుకోండి. 'నన్నొదిలి పెళ్లికి పోయావా అని ఆయనకు కోపం' అన్నది ఎవరి మాట? భర్త పోయాక ఆ వరసలో మొదటి పెళ్లేమో అది, మండపంలో పక్కన కుర్చీ ఖాళీగా ఉండి ఉంటుంది, వచ్చినవాళ్లు జాలిగా పలకరించి ఉంటారు. వెళ్లకుండా ఉండాల్సిందని ఆవిడకే అనిపించిందేమో. ఇదంతా నా ఊహే, రావుగారి డైరీ లాగా. కానీ అడిగి తెలుసుకోవడానికి ఆవిడకు మాటలొచ్చు, పిల్లికి రావు. ఒక మధ్యాహ్నం ఇద్దరే ఉన్నప్పుడు పెళ్లిలో ఎలా అనిపించింది అత్తయ్యా అని అడగండి. రావుగారి సంగతి తేకుండా అడగండి.

శనివారం ఒక్కపొద్దు మాత్రం ఆపాలి. ఇక్కడ ఊహ పిల్లి ఒంటికి హాని చేస్తుంది. పిల్లి మాంసం తినే ప్రాణి, ఇష్టం కొద్దీ కాదు, గతి లేక. టారిన్ అనే పదార్థం దానికి మాంసం, చేపల నుంచే రావాలి. అది చాలకపోతే కంటిచూపు పోతుంది, గుండె కండరం దెబ్బతింటుంది. ఈ గుండెజబ్బు సంగతి 1987లో తేలాకే పిల్లుల తిండి కంపెనీలు టారిన్ పెంచాయి. వారానికొక పూట పెరుగన్నం తిని ఎవరూ చచ్చిపోరు, నిజమే. కానీ పెద్దపిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. పైగా తిండి వేళలు మారడమే టెన్షన్ అని ఇందాకే చెప్పుకున్నాం. అత్తయ్యగారు ఒప్పుకోకపోతే ఇలా చెప్పండి: మావయ్యగారు షుగరుకో బీపీకో డాక్టరు చెప్పింది వినేవారు కదా, ఇప్పుడూ డాక్టరు చెప్పిందే. శనివారం కూడా ఉప్పూ కారం లేకుండా ఉడికించిన నెత్తళ్లు, లేదా రోజూ పెట్టే తిండే.

తెల్లవారుజాము సుప్రభాతం గురించి కూడా తెలుసుకోండి. 2009లో కారెన్ మెకాంబ్ బృందం, తిండి కోసం పిల్లులు పెట్టే గుర్రులో సన్నని ఏడుపులాంటి స్వరం దాగి ఉంటుందని, మనుషులకు అది మామూలు గుర్రు కంటే తొందరపెడుతున్నట్టు వినిపిస్తుందని కనుక్కుంది. అత్తయ్యగారు లేచి తిండి పెట్టిన ప్రతిసారీ ఆ రాగం ఇంకాస్త బాగా కుదిరి ఉంటుంది.

పాప డైరీ ఆపించకండి. సగం పేజీ మడత పెట్టి, ఎడమ వైపు తను చూసింది మాత్రమే రాయమనండి: ఎన్ని గంటలకు ట్రేకి వెళ్లారు, ఎంతసేపు కూర్చున్నారు, చెవులెలా ఉన్నాయి, ఎంత తిన్నారు. కుడి వైపు రావుగారి మనోభావాలు ఎంత పొగరుగా కావాలంటే అంత పొగరుగా రాసుకోవచ్చు. ఎడమ పేజీలు డాక్టరుకు పట్టుకెళ్లండి. మీరు నోటితో చెప్పేదానికంటే అవే ఆయనకు పనికొస్తాయి. సొంత పిల్లి అరుపు దేనికో యజమానులు ఊహించి చెప్పగలరు కానీ ఊరివాళ్ల పిల్లి అరుపు విని చెప్పలేరని పరిశీలనల్లో తేలింది. ఈ విషయంలో మీ ఇంట్లో అందరికంటే ఎక్కువ తెలిసింది పాపకే కావచ్చు.

ఈసారి ఊరెళ్తే మామికి తాళంతోపాటు ట్రే పని కూడా అప్పజెప్పండి, ఊరికే కాదు, ఏదైనా ఇచ్చి. తిండి రోజూ ఒకే వేళకు పెట్టమనండి. పది నిమిషాలు కూర్చుని వెళ్లమనండి. అత్తయ్యగారి ఉతకని దుప్పటి ఒకటి రావుగారు పడుకునే చోట ఉంచండి. తిరిగొచ్చాక సూట్‌కేసులు బీరువా గదిలో మూసి పెట్టండి, హాల్లో తెరిచి పరచకండి.

'ఎక్కడైనా వదిలేద్దాం' అన్నదానికి నా జవాబు వద్దు అనే. ఇంటి వాసనే ప్రపంచంగా బతికిన పిల్లిని కొత్త వీధిలో వదిలితే అక్కడి పిల్లులు, కుక్కలు, బళ్ల మధ్య నిలదొక్కుకోవడం చాలా కష్టం. రెండో పిల్లి కూడా ఇప్పుడు వద్దు. వీటి పూర్వీకులు ఒంటరిగా వేటాడే అడవిపిల్లులు. తోడు కావాలని పాపకు అనిపించినంత మాత్రాన రావుగారికి అనిపించాలని లేదు. ఒకే ఇంట్లో సర్దుకోలేని పిల్లులుండటం ఈ మూత్రాశయం వాపుకు తెలిసిన కారణాల్లో ఒకటి. ముందు పరీక్ష కానివ్వండి, పరుపు కొన్ని నెలలు వరసగా పొడిగా ఉండనివ్వండి. అప్పటికీ పాప పట్టు వీడకపోతే, కొత్త పిల్లిని విడిగా ఒక గదిలో పెట్టి, ముందు వాసనలు మార్చి, మెల్లగా ఎలా కలపాలో ఆ డాక్టరునే అడగండి.